నారను బట్టి చెట్టు: పశ్చిమ నెల్లూరు అగ్నిశిలల పుట్టుక

ఎవరి స్మృతికై నేడు మనమిచ్చట కూడితిమో ఆ ఉపాధ్యాయులు నాకు ఎనిమిదవ తరగతిలో సామాన్యశాస్త్రము బోధించినవారు. వారి పేరు ఈ మందిరమున నున్నవారందఱికిని తెలిసినదే. తన పేరు సభలలో పలుకుట వారికి బొత్తిగా ఇష్టముండెడిది కాదు. ఆ నియమమును నేడును పాటించి, మాస్టరు గారనియే ప్రస్తావింతును.

ఒక శ్రావణమాసమున, వానలు వెలిసిన మరునాడు, ఆయన మమ్ములను బొగ్గేటి ఒడ్డునకు తీసికొనిపోయి, ఇసుకలో తళతళలాడు కాకిబంగారపు రేకులను మాచేత ఏరించి, ఒడ్డు మట్టిలో సగము పూడియున్న గుమ్మడికాయంత రాతి నొకదానిని సుత్తితో పగులగొట్టిరి. లోపల తెల్లని పలుగురాయి, లేత ఎఱుపు వన్నెగల ఫెల్స్పారు, పుస్తకపు పుటలవలె ఒకదానిపై నొకటి అంటుకొనియున్న ఆకుపచ్చని అభ్రకము, మూడును ఒండొంటిలో గ్రుచ్చుకొని కనబడినవి. ఇది ఎక్కడనుండి వచ్చినదని ఆయన అడుగగా, కొండనుండి యంటిమి. కొండలోనికి ఎక్కడనుండి వచ్చినదని మరల నడుగగా మాకు నోట మాట రాలేదు. ఆయనయు కొంతసేపు ఆ రాతిని త్రిప్పి త్రిప్పి చూచి, తనకును తెలియదని చెప్పి, అలవాటు చొప్పున నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్విరి. తరగతిలో ఒక ఉపాధ్యాయుడు తెలియదని చెప్పుట నేను వినుట అదియే మొదలు. నా జీవితమున పెద్దభాగము ఆ రెండవ ప్రశ్న వెంబడి నడచినది. నేటి ఈ ఉపన్యాసము ఆయనకు నేను ఆలస్యముగా సమర్పించుకొను సమాధానపత్రము.

ఆ సమాధానమును ఉదయగిరినుండి మొదలిడెదను. ఉదయగిరి పేరు చెప్పగానే దూరప్రాంతముల వారికి శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గెలిచికొనిన దుర్గము గుర్తునకు వచ్చును. మనకు దానితోపాటు చెక్క గరిటెలును గుర్తునకు వచ్చును. ఆ పనిచేయు కుటుంబములవారి ముంగిట నేను చిన్ననాట గంటల తరబడి కూర్చుండెడివాడను. తయారైన గరిటెను చేతికిచ్చి ఇది ఏ కఱ్ఱ యని అడిగినచో వారు దాని ఆకారమును చూడరు; కాడను వెలుతురునకు పట్టి, నార ఎట్లు పోయినదో చూచి, గోటితో గీరి చెప్పుదురు. ఏ కఱ్ఱనైనను ఒకే విధముగా గరిటెగా చెక్కవచ్చును గనుక ఆకారము చెట్టును చెప్పజాలదు, నార దాచజాలదు. రాళ్ళ విషయమును అంతే. ఒకే రంగు, ఒకే పలుకు, ఒకే బరువుగల రెండు గ్రానైటులలో ఒకటి భూగర్భమున అరువది డెబ్బది మైళ్ళ లోతునుండి ఎగబ్రాకి వచ్చిన ద్రవపు సంతతియు, రెండవది అంతకుముందే నేలపై అరిగి, కడలిలో పేరుకొని, మరల క్రిందికి దిగి కరగిన పాత మట్టి సంతతియు కావచ్చును. సుత్తియు భూతద్దమును ఆ భేదమును చెప్పలేవు. రాతిలోని నార యనదగినది రెండు చోట్ల దాగియున్నది: ఒకటి దానిలో పదిలక్షల పాళ్ళలో ఏ ఒకటో రెండో పాళ్ళుగా నుండు స్వల్పమూలకములు; రెండవది ఒకే మూలకమునకు చెందియు బరువులో భేదించు పరమాణువులు, అనగా ఐసోటోపులు.

మన ప్రాంతమునందలి రాళ్ళను శాస్త్రదృష్టితో మొదట వివరముగా నడచి చూచినవారిలో విలియం కింగు ముఖ్యుడు. కడప, కర్నూలు శిలలపై 1872లో గొప్ప గ్రంథము వ్రాసిన ఆయనయే 1880లో నెల్లూరు సీమ శిలలనుగూర్చియు వ్రాసెను. గుఱ్ఱముపైనను కాలినడకనను తిరిగి ఆయన గీచిన పటములు నేటికిని దారి చూపుచున్నవి. తరువాతివారు ఈ శిలాపంక్తికి నెల్లూరు షిస్టు మేఖల యని పేరు పెట్టి, అందు రెండు వర్గములను గుర్తించిరి. అడుగున నున్నది, పురాతన లావాలు మిక్కుటముగా గలది, వింజమూరు వర్గము; దానిపైనున్నది, ఇసుక, బురద, గులకరాళ్ళు పేరుకొని మారిన శిలలు మిక్కుటముగా గలది, ఉదయగిరి వర్గము. పాఠశాలలో కూర్చున్న మన పిల్లలకు ఈ సంగతి ఎవరైనను చెప్పిరో లేదో నే నెఱుగను గాని, వారి ఊళ్ళ పేర్లు నేడు జర్మనీలోను, అమెరికాలోను భూశాస్త్రజ్ఞులు తమ పత్రికలలో మామూలుగా వ్రాసికొను పేర్లు. 2003లో డోబ్మయర్, రైట్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు తూర్పుకనుమల ప్రాంతమంతయు మరల విభజించినపుడు, ఉదయగిరి, వింజమూరు అను పేర్లతోనే రెండు మండలములను నిర్దేశించిరి.

ఇక, శిల కరగుట యననేమి? వంటయింటి ఉదాహరణము చెప్పెదను. చింతపండు నానబెట్టి పిండునపుడు మొదటి పిండు చిక్కగాను, పుల్లగాను వచ్చును. రెండవ పిండు పలుచబడును. మూడవసారికి పీచు మిగులును. భూగర్భశిల కరగునపుడును ఇట్లే జరుగును. గట్టి ఖనిజముల స్ఫటికములలో ఇముడలేని మూలకములు, అనగా రుబీడియము, యురేనియము, థోరియము, తేలికైన విరళమృత్తికలు, మొదటి పిండులోనే బయటకు వచ్చును. కావున ఒక రాతిలో ఇవి ఏ పాళ్ళలో నున్నవో కొలిచినచో అది తొలి పిండో మలి పిండో, అడుగున మిగిలిన పిప్పిలో ఏ ఖనిజము నిలిచిపోయినదో ఊహింపవచ్చును. విరళమృత్తికలలో యూరోపియము అను మూలకమొకటి తన తోడివారివలె గాక ఫెల్స్పారులో కాల్షియము స్థానమున దూరగలదు. అందుచేత ద్రవమునుండి ఫెల్స్పారు ముందుగా వేరుపడి పోయినచోట యూరోపియము లోటు స్పష్టముగా కనబడును. కడలి నేల మరియొక పలకక్రిందకు దిగుచోట పుట్టిన లావాలలో నయోబియము, టాంటలము అను జంట మూలకములు చిత్రముగా తరిగియుండును. ఈ ఆనవాళ్ళను మొదట క్రమముగా చదువ నేర్పినవాడు నార్వేలో పనిచేసిన గోల్డ్‌ష్మిట్.

అయినను స్వల్పమూలకములకు ఒక లోపమున్నది. కరగుటలోను, స్ఫటికమగుటలోను, నీటితో కలియుటలోను వాని పాళ్ళు మారిపోవుచుండును. మారిన పాళ్ళనుండి అసలు పాళ్ళను వెనుకకు లెక్కించుటలో పొరపాట్లు దొరలును. బరువైన మూలకముల ఐసోటోపులకు ఆ బాధ లేదు. స్ట్రాన్షియము 87, స్ట్రాన్షియము 86 అను రెండును రసాయనముగా ఒకటియే గనుక కరగునపుడు ద్రవము వానిని వేరుచేసి ఏరుకొనలేదు. అందుచేత ద్రవమునందలి వాని నిష్పత్తి తల్లిశిల నిష్పత్తియే. ఆ నిష్పత్తి మారుట కాలమొక్కదానివలననే: రుబీడియము 87 అత్యంత నెమ్మదిగా, అనగా దాదాపు 4,900 కోట్ల సంవత్సరములకు సగము పాలు చొప్పున, స్ట్రాన్షియము 87గా మారుచుండును.

దీనిని గ్రామీణమైన లెక్కగా చెప్పుదును. ముగ్గురన్నదమ్ములు వేరుపడిరనుకొందము. ఇంటిలోని ధాన్యమును సమముగా పంచుకొనిరి. పొలము మాత్రము ఒకనికి పదెకరములు, ఒకనికి ఐదు, ఒకనికి రెండు వచ్చినవి. అందఱికిని ఎకరమునకు ఏటేటా ఒకే పంట. ఎవరును తినలేదు, అమ్మలేదు. ఎన్నో ఏండ్లకు మీరు పోయి వారి గాదెలు కొలిచినచో, ఎకరమొక్కింటికి ఎంత పెరిగినదో చూచి, వేరుపడి ఎన్నేండ్లైనదో చెప్పగలరు. అసలు పొలమే రాని నాల్గవ తమ్ముడొకడు ఉండియుండినచో వాని గాదెలో ఎంత ఉండవలసినదో కూడ లెక్కవేయగలరు. అదియే పంపకము నాటి తండ్రి ధాన్యము. ఒకే శిలలోని అభ్రకము పదెకరముల అన్న, ఫెల్స్పారు రెండెకరముల తమ్ముడు. పొలము రుబీడియము, ధాన్యము స్ట్రాన్షియము 87. పొలమును అడ్డముగాను, ధాన్యమును నిలువుగాను గుర్తించి ఆ బిందువులను కలిపిన లెక్కగీత ఎంత ఏటవాలుగా నున్నదో అది వయస్సు. పొలము సున్నయైనచోట ఆ గీత తాకు బిందువు శిల పుట్టిననాటి తల్లి నిష్పత్తి. లోకులు వయస్సునే అడుగుదురు. నా మట్టుకు నాకు ఆ రెండవ సంఖ్యయే ఎక్కువ విలువైనది. భూమి పుట్టినపుడు ఈ నిష్పత్తి 0.699, భూపటలము క్రిందనున్న మాంటిలు అను లోతైన పొరలో రుబీడియము తక్కువ గనుక నేటికిని అది 0.703 చేరువనే నిలిచినది. రుబీడియము పుష్కలముగా గల పాత ఖండపటలమున 0.71ని దాటి పోయినది. కావున తొలి నిష్పత్తి 0.702 అని తేలిన గ్రానైటు లోతుల బిడ్డ, 0.71 దాటినది పాత నేలను మరల కరగించగా పుట్టినది. నడిమి సంఖ్యలు వచ్చినపుడు రెండింటి కలయిక యని అనుమానించి, సమేరియము, నియోడిమియము జంటను కూడ సాక్ష్యమునకు పిలువవలెను. సమేరియము 147 అర్ధాయువు 10,600 కోట్ల సంవత్సరములు. రూపాంతరము చెందినను ఆ జంట రుబీడియమువలె సులభముగా చెదరదు.

ఇంత నిశ్చయముగా చెప్పుచున్న నేనే యౌవనమున ఈ లెక్కలో ఘోరముగా తప్పితిని. ఆత్మకూరునకు పడమట, బాటకై కొండను త్రవ్వినచోట, ఎండ మండుచున్న మధ్యాహ్నమున, పై పొరను తొలగించి గట్టి రాయి తేలువఱకు త్రవ్వుటకు ఓపికలేక, చేతికందిన ముక్కలను వార్తాపత్రికలో చుట్టి సంచిలో వేసికొంటిని. ఫెల్స్పారు కొంచెము తెల్లబాఱి, గోరు పెట్టినచో పిండిరాలుచుండెను. అది కంటితో చూచియు లెక్కచేయలేదు. నెలల కొలది సాగిన రసాయన ప్రక్రియ ముగిసి, ఐసోటోపులను వేరుచేసి కొలుచు మాస్ స్పెక్ట్రోమీటరు సంఖ్యలు చేతికి వచ్చిన తరువాత బిందువులు గీతపై నిలువనే లేదు. వాననీరు స్ట్రాన్షియమును కడిగివేసి, అన్నదమ్ముల గాదెలకు కన్నము పెట్టినది. మాస్టరు గారికి ఉత్తరము వ్రాయగా, రాయి తప్పు చెప్పలేదని, నేను అడుగవలసిన రాతిని అడుగలేదని మాత్రము బదులు వ్రాసిరి. మరల పోయి మూడడుగులు త్రవ్వితిని. అప్పుడు సుత్తి మోగిన తీరే వేఱు. నల్లని అభ్రకము గాజువలె మెఱసినది.

నాటికి ఈ విద్య మన తెలుగునేలకు క్రొత్తది. కలకత్తాలో సి. వి. రామన్ వద్ద పనిచేసి, తరువాత హైదరాబాదు రాజ్యపు భూగర్భశాఖలో నుండి, పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయమున భూశాస్త్ర శాఖను తీర్చిదిద్దిన కలమూరు మహాదేవన్, ఖనిజములందలి రేడియోధార్మికతపై తన శిష్యుల దృష్టిని మరల్చినవారు. వారి శిష్యులు, ఒంగోలులో జన్మించిన ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ, 1964లో తూర్పుకనుమల, కడప శిలల ఐసోటోపు వయస్సులను ప్రకటించిరి. అంతకుముందే, 1955లో, బ్రిటిషు శాస్త్రజ్ఞుడు ఆర్థర్ హోమ్స్ భారతదేశపు పురాతన శిలల వయస్సులను ఒకచోట కూర్చి, తూర్పుకనుమల పర్వతోద్భవ ఘట్టమును దాదాపు 160 కోట్ల సంవత్సరముల చేరువలో నుంచెను. 1961లో హైదరాబాదున జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఏర్పడినది. ఇన్ని పేర్లు చెప్పుట వంశస్తుతికి గాదు. ఒక్కొక్క సంఖ్య వెనుక ఎందఱి చేతులున్నవో తెలియుటకు.

తరువాత వచ్చిన సాధనము జిర్కాను అను చిన్న ఖనిజము. మిల్లీమీటరులో పదవవంతు పొడవుగల ఆ గింజ, పుట్టునపుడు యురేనియమును లోనికి రానిచ్చి సీసమును రానియ్యదు. కావున తరువాత దానిలో కనబడు సీసమంతయు యురేనియము పిల్లయే. యురేనియము 238కి 447 కోట్ల సంవత్సరములు, యురేనియము 235కి 70 కోట్ల సంవత్సరములు అర్ధాయువులు గనుక ఒకే గింజలో రెండు గడియారములు నడచును. ఒకటి తప్పినచో రెండవది పట్టియిచ్చును. సూక్ష్మదర్శినిలో చూచినచో కొన్ని గింజలలో నడుమ ఒక పాత గింజయు, దానిచుట్టు పొరలుపొరలుగా క్రొత్తదియు నుండును. గ్రానైటు ద్రవము తాను కరగించిన నేలలోని గింజను పూర్తిగా కరగింపలేక కడుపున పెట్టుకొని వచ్చినదన్నమాట. ఆ నడిమి గింజ వయస్సు తల్లిశిల వయస్సు. ఇంతకన్న సూటియైన సాక్ష్యము నేను చూడలేదు.

ఈ విధముగా మన సీమ చరిత్ర అంచెలంచెలుగా తేలినది. వింజమూరు వైపు లావాలలో పాతవి సుమారు 265 కోట్ల సంవత్సరముల నాటివి. వానిని చీల్చుకొని వచ్చిన గాబ్రోలు సుమారు 190 కోట్ల నాటివి. పశ్చిమమున కడప హరివాణమునందలి పులివెందుల నల్లరాతి పలక కూడ దాదాపు ఆ కాలమునకే, 188 కోట్లకు చెందును. అనగా ఈ రెండింటి నడుమనున్న వెలికొండకు ఇరుప్రక్కలను ఒకేకాలమున భూగర్భము కరగినది. గూడూరునకు సమీపమున కండ్ర యొద్దనున్న గాబ్రో, నిలువుపలకల డైకులు, బసాల్టులు మాత్రము మఱొక కథ చెప్పినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు లీలానందం గారు వీనియందు ప్రాచీన సముద్రతలపు ఛాయలను 1990లోనే అనుమానించిరి. 2010లో విజయకుమార్, ఎర్న్‌స్ట్, లీలానందం ప్రభృతులు జిర్కాను వయస్సు 185 కోట్లని తేల్చి, స్వల్పమూలకముల సాక్ష్యముతో అది ఒకనాటి కడలి నేల యని నిరూపింప బూనిరి. ఆ నిర్ణయమును అంగీకరింపనివారును కలరు. నేను అంగీకరించువారిలోనివాడను, నయోబియపు లోటు నాకు పెద్ద సాక్ష్యముగా తోచుచున్నది. వినుకొండ గ్రానైటు సుమారు 159 కోట్ల సంవత్సరములది. ఏల్చూరు క్షారశిలలలోని లాంప్రొఫైరు 132 కోట్లది.

మాస్టరు గారు పగులగొట్టిన ఆ రాయి పెగ్మటైటు. అది ఒక పెద్ద గ్రానైటు ద్రవము చల్లారుచు చల్లారుచు, తనలోని నీటిని, స్ఫటికములకు పనికిరాని మూలకములను చివఱి బొట్టువరకు ప్రోగుచేసికొని, పై రాతి పగుళ్ళలోనికి చిమ్మిన శేషము. నీరు ఎక్కువగుటచేత స్ఫటికములు అమితముగా పెరుగును. పొదలకూరు ప్రక్కనున్న ఇనికుర్తి గనిలో పదియడుగుల అడ్డుకొలతగల అభ్రకపు స్ఫటికములు దొరకినట్లు పాత గ్రంథములలో నున్నది. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాలలో గనులు నడచిన కాలమున అభ్రకపు షెడ్లలో స్త్రీలు వరుసగా కూర్చుండి, కత్తిమొనతో రేకు విప్పి, మరక లేని రేకును వెలుతురునకు పట్టి చూచెడివారు. ఆ చూపు నాకు గరిటెలవారి చూపును గుర్తుచేయును. అభ్రకము అందమైన ఖనిజమే గాని కాలము చెప్పుటలో మాత్రము దానిని జాగ్రత్తగా వినవలెను. మూడువందల డిగ్రీల చేరువ వేడి తగిలినచో నల్ల అభ్రకపు గడియారము మరల మొదటికి వచ్చును. తరువాతి పర్వతోద్భవములు దానిని ఎన్నిసార్లు మొదటికి త్రిప్పినవో! అది చెప్పునది తరచుగా శిల చల్లారిన నాటి మాట, పుట్టిన నాటి మాట కాదు.

చివరగా కనిగిరి గ్రానైటు. దాని వయస్సు 128 కోట్ల సంవత్సరములు. ఖండము సాగి పలుచబడుచున్న వేళ అడుగు నుండి వేడి తగిలి, నీరు తక్కువగా, ఫ్లోరిను ఎక్కువగా పుట్టిన జాతి గ్రానైటు అది. నయోబియము, టాంటలము, విరళమృత్తికలు అందు మిక్కుటము. ఊదారంగు ఫ్లోరైటు గింజలు దాని పగుళ్ళలో కంటికే కనబడును. ఆ శిల అరిగి, ఆ నేలలో ఇంకిన వాననీరు సోడాక్షారమై, కాల్షియమును సున్నపు గులకలుగా నేలలోనే వదలివేయును. కాల్షియము లేని నీటిలో ఫ్లోరైడును పట్టి అడ్డగించునది లేక బావిలోనికి దిగును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటినచో పిల్లల పండ్లు రూపొందునపుడే చారలు పడును. ఎక్కువ కాలము త్రాగినచో ఎముకలు బిగిసికొనును. భారతదేశమున ఈ వ్యాధిని మొదట గుర్తించి 1937లో ప్రకటించినది షార్టు మొదలైన వైద్యులు. అది నాటి నెల్లూరు జిల్లాలోనే. అప్పటికి కనిగిరి తాలూకా మన జిల్లాలోనిదే, 1970 వఱకును మనతోనే యుండినది. ఉదయగిరి, వరికుంటపాడు వైపున నేటికిని ఫ్లోరైడు బావులు కలవు. ఒకే ఊరిలో రెండు బావులు, ఒకటి షిస్టులో, ఒకటి గ్రానైటులో త్రవ్వినచో, ఒక్కొక్కచోట ఒక బావి నీరు త్రాగిన పిల్లవాని నవ్వునకును, రెండవ బావి నీరు త్రాగిన పిల్లవాని నవ్వునకును భేదముండును. ఏ రాయి ఏ తల్లి బిడ్డయో ముందుగా తెలిసినచో ఏ చోట బావి త్రవ్వరాదో ముందుగా చెప్పవచ్చును. ఈ విద్యను నేను ప్రాణప్రదముగా ఎంచుట అందువలననే.

మాస్టరు గారు పుట్టి, ఎనిమిదేండ్లు వచ్చువఱకు పెరిగినది కనిగిరి తాలూకాలోని పల్లెలో, ఆ గ్రానైటు నేలలో త్రవ్విన ఇంటి బావి నీటితో. వారి ముందరి పండ్లపై అడ్డముగా గోధుమవన్నె చారలు రెండుండెడివి. వారి తుది దినములలో చూడబోయినపుడు, ఆ చారలు ఎక్కడనుండి వచ్చినవో, కొండలోనికి ఎక్కడనుండి వచ్చినవో, వారికి నేను పూర్తిగా చెప్పితిని. వారు చేయి అడ్డము పెట్టుకొనకుండ నవ్వుట నేను చూచినది ఆ ఒక్కసారియే.